జర్మనీ ముఖ్యమంత్రిగా మూడు రోజులు

పోయిన జూన్‌లో మూడు రోజులపాటు నేను జర్మనీలోని ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నాను. ఉన్నది జర్మనీలో కాదు. తిరుపతిలో, నాయుడుపేటలో, సత్యవేడులో, చిత్తూరులో. ఆ రాష్ట్రంలో ఒక్కరికి కూడా ఈ సంగతి తెలియదు. తెలిస్తే నవ్వుతారో, కేసు పెడతారో చెప్పలేను. ఇంటికి తిరిగొచ్చాక అడిగినవాళ్ళకల్లా ఒక్కో ముక్క చెప్పి చెప్పి విసుగొచ్చింది. అందుకని మొత్తం ఒకేసారి రాసి పడేస్తున్నాను.

నేను విజయవాడలో ముప్పై ఏళ్ళు జర్మన్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఆ దేశం వెళ్ళి మంచులో దిగిన ఫోటోలు పంపుతుంటారు. నేను మాత్రం ఇక్కడే ఫ్యాను కింద కూర్చుని వాళ్ళ ప్రభుత్వ విధానం మీద పరీక్షపత్రాలు దిద్దాను. అలాంటి నాకు ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. జర్మనీలో ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి, ఆడమనిషి, తిరుపతికి వస్తున్నారట. నాయుడుపేట దగ్గర వాళ్ళ కంపెనీలేవో పెట్టే ఆలోచనట. దుబాసీగా నేను రావాలట. ఆవిడ రావడానికి ఇంకా మూడు వారాలుంది, అంతకుముందే దారంతా ఒకసారి తిరిగి చూసుకోవాలన్నారు. ప్రయాణ బడలిక తప్ప పోయేదేముంది అనుకుని బయల్దేరాను. ఏం పోగొట్టుకున్నానో చిత్తూరు చేరాక గానీ తెలియలేదు.

తిరుపతి: దండ ఎంత పొడుగు?

స్టేషన్‌కు వచ్చి నన్ను దింపుకున్నాయన పేరు మునిరత్నం. రెవెన్యూలో డిప్యూటీ తాసిల్దారు. పెద్దవాళ్ళు వస్తే స్వాగతాలు, దండలు, కార్లు చూసుకునే పని ఆయనది. చేతిలో ఒక ఫైలు, దాని మీద ఇంకో ఫైలు, రెంటి మీదా ఫోను. నమస్కారం పెట్టాలంటే అవన్నీ చంకలోకి మార్చుకోవాలి. మార్చుకుని మరీ పెట్టాడు. పెట్టిన మరుక్షణం అడిగాడు.

"మేడం, ముందు ఒగటి సెప్పండి. ఆయమ్మ మన సీయం లెక్కనా, ఢిల్లీ పీయం లెక్కనా? దండ సైజు దాన్నిబట్టే ఉండాది."

ముప్పై ఏళ్ళ పాఠం కదా, నోటికొచ్చేసింది. జర్మనీలో పదహారు రాష్ట్రాలున్నాయని, ఒక్కోదానికి ఒక శాసనసభ ఉంటుందని, సభ్యులు ఓట్లేసి ప్రభుత్వాధినేతను ఎన్నుకుంటారని, మంత్రులను పెట్టుకునేదీ, ప్రభుత్వం ఏ దారిన నడవాలో చెప్పేదీ ఆ మనిషేనని చెప్పాను. "మన సీయం లాగానే అనుకోండి. కాకపోతే వాళ్ళ రాష్ట్రాలకు గవర్నరు ఉండడు" అన్నాను.

"గవర్నరు లేడా?" మునిరత్నం చేతిలో ఫైళ్ళు జారబోయాయి. "మరి ప్రమాణం ఎవురు సేయిస్తారు? బొకే ఎవురికి ఇస్తారు?"

"శాసనసభలోనే చేస్తారు. బొకే లేకుండా కూడా పదవిలోకి రావచ్చు, అక్కడ."

కారెక్కాక ఆయన డ్రైవర్ మస్తాన్ వైపు తిరిగాడు. "పైన గవర్నరు గూడా లేడంటే, మన సీయం కన్నా ఒగ మెట్టు ఎక్కువే గదప్పా" అన్నాడు. మస్తాన్ చిత్తూరు మనిషి, ఇరవై ఏళ్ళుగా పెద్దవాళ్ళ కార్లు నడిపి నడిపి ఎవరినీ ఏమీ అనుకోని స్థితికి చేరినవాడు. "ఎక్కువే సార్" అని గేరు మార్చాడు. ఫైల్లో 'దండ: పెద్దది' అని రాయబడింది.

చెప్పాల్సింది నాకు ఇంకా ఉంది. ఆవిడ ఫోటో బియ్యం సంచీ మీద ఉండదని, ఆవిడ వెళ్తుంటే రోడ్డు ఆపరని చెబుదామనుకున్నాను. ఏ గుమాస్తాకైనా ఫోన్ చేసి ఫలానావాళ్ళ ఫైలు కదిలించు అన్నదంటే మర్నాడు పేపర్లో పడుతుందని, ఆ తర్వాత ఆవిడ కుర్చీయే కదులుతుందని చెప్పడం మొదలుపెట్టాను కూడా. మునిరత్నం ఎవరితోనో ఫోన్లో బంతిపూలా, గులాబీలా అని మాట్లాడుతున్నాడు. నేను ఊరుకున్నాను. అక్కడ ఊరుకోవడం నాకు కొత్తగా అనిపించింది, ఆ తర్వాత అలవాటైపోయింది.

ఆ సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో పదిమంది అధికారులు కూర్చున్న మీటింగ్ జరిగింది. మూడు రోజులూ కాన్వాయ్ నిజంగానే తిరగాలి, ప్రతిచోటా స్వాగతం నిజంగానే జరగాలి అని తేల్చారు. ఆవిడ కారు ఖాళీగా వెళ్తుంది కదా అన్నాను.

"ఖాళీ కారుకి దండ ఎవురేస్తారు మేడం?" అన్నాడు మునిరత్నం. "ఇస్కూలు పిల్లోళ్ళు ఎవుర్ని సూసి జెండా ఊపాల? మీరు ఇంచుమించు ఆయమ్మ వయసే. కళ్ళద్దాలు గూడా ఉండాయి. మీరే కూసోండి."

వద్దన్నానని రాసుకోవాలని ఉంది. వద్దనలేదు. "సరే, మీ ఇష్టం" అన్నాను, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. కొండ మీద దర్శనం గురించి రాయను, దాని గురించి రాయని యాత్రికుడు లేడు. జర్మనీ ముఖ్యమంత్రి కోటాలో నాకు ఎంత దగ్గరగా జరిగిందో కూడా చెప్పను, సిగ్గు.

నాయుడుపేట: ఇంకో దేశం జెండా

మర్నాడు పొద్దున, నా పదవి మొదటి రోజు, హైవే మీద నాయుడుపేట చేరాం. ముందు సైరన్ బండి, వెనక మూడు కార్లు, మధ్యలో నేను. ఊరు దాటాక ఒక పెద్ద మైదానం, అందులో ముళ్ళకంపలు, కంపల మధ్య ఒక షామియానా. ఫ్యాక్టరీ ఇక్కడే వస్తుందట. ప్రస్తుతానికి వచ్చింది షామియానా, రెండు కూలర్లు, ఒక జెండా.

జెండా చూసి ఆగిపోయాను. నలుపు, పసుపు, ఎరుపు, నిలువు చారలు. అది బెల్జియం జెండా. సంగతి చెప్పగానే మునిరత్నం ఏమాత్రం కంగారుపడలేదు. మనిషిని పైకెక్కించి జెండాను అడ్డంగా తిప్పి కట్టించాడు. "ఇప్పుడు?" అన్నాడు. రంగుల వరస ఇంకా తప్పే, జర్మనీకి ఎరుపు మధ్యలో ఉండాలి అన్నాను. "దూరం నుంచి ఎవురు సూస్తారు మేడం" అన్నాడు. ఆవిడ దేశం జెండాను ఆవిడ చూడదట.

ఎండలో నిలబెట్టిన బడిపిల్లలు నన్ను చూసి చేతులు ఊపారు. గంటన్నరగా నిలబడ్డారని వాళ్ళ టీచర్ చెప్పింది. నాకు బాధేసింది, అయినా నేనూ ఊపాను. మొదటిసారి భుజం దాకా, రెండోసారి మోచేతి దాకా. మధ్యాహ్నానికల్లా మణికట్టు మాత్రమే కదిపి పనికానివ్వడం వచ్చేసింది. ఈ విద్య ఇంత తేలిగ్గా అబ్బుతుందని ఎవరూ నాకు చెప్పలేదు.

హైవే పక్క హోటల్లో నాలుగు ఇడ్లీలు ముప్పై అయిదు రూపాయలు, మీద నెయ్యికారం. మా విజయవాడలో ఈ పాటి కారానికి పక్కన మజ్జిగ పెడతారు. ఇక్కడ ఇంకో చెంచా కారం పెడతారు. గులాబీల దండ తుమ్ములు తెప్పించింది, కారం కన్నీళ్ళు తెప్పించింది. ముఖ్యమంత్రిగారు ఉద్వేగానికి లోనయ్యారని లోకల్ వీడియో విలేకరి ఒకాయన చెప్పడం నేను స్వయంగా విన్నాను.

అక్కడి నుంచి శ్రీహరికోట. రాకెట్లు ఎగరేసే దీవి. లోపలికి వెళ్ళడానికి మాకు అనుమతి లేదు, ఉన్నట్టు కార్యక్రమంలో రాసేశారు. అందుకని గేటుకు ఇవతల సరస్సు పక్కన కాన్వాయ్ ఆపి, పది నిమిషాలు నిలబడి నీళ్ళకేసి చూసి వెనక్కి తిరిగాం. 'సందర్శన పూర్తి' అని మునిరత్నం ఫైల్లో టిక్కు పెట్టుకున్నాడు.

సత్యవేడు: నాలుగు వేళ్ళ ఖాళీ

రెండో రోజు సత్యవేడు. తమిళనాడు గాలి తగిలే ఊరు, బోర్డులు రెండు భాషల్లో, మాటలు రెండూ కలిసిన భాషలో. ఇక్కడ నర్సులకు జర్మన్ నేర్పే శిక్షణ కేంద్రం ఒకటుంది. ముప్పై మంది ఆడపిల్లలు తెల్లకోట్లు వేసుకుని, జర్మన్‌లో పాట పాడారు. చక్కగా పాడారు. ఈ మూడు రోజుల్లో నేను ఎగతాళి చేయలేనిది అదొక్కటే.

భోజనం రాగి సంగటి, ఊరుబిండి. ఊరుబిండి అంటే వేరుశెనగలు, ఎండుమిరపకాయలు కలిపి నూరిన పచ్చడి. వేడి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి అది పెట్టుకుని తింటే మా గోంగూర పేరు ఎత్తడానికి కూడా మొహమాటంగా ఉంటుంది. తింటూ ఉండగా తెల్లచొక్కా నాయకుడు ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. మండలంలో పెద్దమనిషి. జర్మనీ ముఖ్యమంత్రికి అర్జీలు ఇచ్చే కార్యక్రమం ఆయన సొంత ఆలోచన.

"అర్జీలా? ఆవిడకు ఇక్కడివాళ్ళ అర్జీలు ఏం చేసుకోవడానికి?" అన్నాను.

"ముఖ్యమంత్రి అంటే అర్జీ తీసుకోవాల గదా మేడం. లేకుంటే ఏమి ముఖ్యమంత్రి?" అన్నాడు నాయకుడు. తర్వాత నాకు అర్జీ శాస్త్రం చెప్పాడు. కాగితం పైభాగంలో ఎడమ పక్కన నాలుగు వేళ్ళు పట్టేంత ఖాళీ వదిలిపెట్టాలి. నాలుగు వేళ్ళూ కాగితం మీద ఆనించి చూపించాడు. పెద్దవాళ్ళు చదవరు, చదివే టైము ఉండదు, ఆ ఖాళీలో ఒక్క మాట రాసి సంతకం పెడతారు. ఆ మాటే పని. కింద రాసిందంతా ఆ ఖాళీని మోయడానికే.

నాకు నవ్వొచ్చింది. మా జిల్లాలో ఇంత శాస్త్రం లేదని కాదు, ఇంత బాహాటంగా చెప్పరు.

వరసలో మొదట నిలబడింది చెంగల్రాయులు అనే రైతు. వేరుశెనగ వేస్తాడు, కాస్త మామిడితోట ఉంది. పక్కన ఆయన కూతురు నీరజ, పాడిన పిల్లల్లో ఒకతె. చిత్తూరులో నర్సింగ్ చదివి, మూడేళ్ళు ఆసుపత్రిలో పనిచేసి, జర్మన్ పరీక్ష కూడా పాసైంది. ఆ ముఖ్యమంత్రి రాష్ట్రంలోనే ఒక ఆసుపత్రి ఉద్యోగం ఇస్తానంది. కానీ ఇక్కడి నర్సు చదువు తమ చదువుకు సరిసమానమా కాదా అని తేల్చాల్సింది అక్కడి రాష్ట్ర ఆఫీసు. ఫైలు ఆ ఆఫీసులో ఆగింది. అది తేలకపోతే ఉద్యోగం లేదు.

చెంగల్రాయులు రెండు చేతులతో అర్జీ అందించాడు. 'మహారాజశ్రీ జర్మనీ ముఖ్యమంత్రివర్యుల దివ్యసముఖమునకు' అని మొదలైంది. నాయకుడు రాయించిందే. నా కూతురికి న్యాయము చేయించవలెను అని ముగిసింది. మధ్యలో ఏ న్యాయమో లేదు.

"మేడం, వెనక పేజీ సూడండి" అంది నీరజ, జర్మన్‌లో కాదు, చిన్న గొంతుతో తెలుగులో.

చూసేదాన్నే. అప్పుడే వీడియోవాళ్ళు ఇటు తిరగమన్నారు. తిరిగాను. వెనక వరసలోని ఆడవాళ్ళు చెయ్యి ఊపితే నేనూ ఊపాను. నాయకుడు పెన్ను మూత తీసి అందించాడు. "రిహార్సల్ అంటే సగం సగం సేస్తే అచ్చిరాదు మేడం. ఒగ మాట రాయండి" అన్నాడు.

నాలుగు వేళ్ళ ఖాళీలో జర్మన్‌లో 'దయచేసి పరిశీలించండి' అని రాశాను. కింద సంతకం. ఆవిడ పేరు పెట్టలేదు, ఆ మాత్రం బుద్ధి ఉంది. నా పేరూ పెట్టలేదు. రెండూ కాని ఒక గీత, చివర తోకతో. జనం చప్పట్లు కొట్టారు. చెంగల్రాయులు ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఇది ఉత్తుత్తిది పెద్దాయనా అని ఆ క్షణంలో ఒక్క మాట అని ఉండాల్సింది. అనలేదు, ఎందుకంటే బాగుంది. నిజం చెప్తున్నాను, చాలా బాగుంది.

చిత్తూరు: వెనక పేజీ

మూడో రోజు పొద్దున చిత్తూరు గెస్ట్‌హౌస్‌లో కాఫీ తాగుతుంటే తండ్రీకూతుళ్ళు వచ్చారు. సత్యవేడు నుంచి తొలి బస్సు ఎక్కి, పుత్తూరులో మారి వచ్చారట. చెంగల్రాయులు సంచీలోంచి అర్జీ తీశాడు. అది లామినేషన్ అయిపోయి ఉంది. ఎండపడి నా సంతకం మెరుస్తోంది.

"సెమట తగిలి ఇంకు సెదిరిపోతుందని రాత్రికి రాత్రే సేయించినాను తల్లీ. దీన్ని జర్మనీకి పోస్టులో పంపాల్నా, మీరే పట్టకపోతారా?"

కాఫీ కింద పెట్టేశాను. నీరజ ముందుకొచ్చి ఒక కవరు నా చేతిలో పెట్టింది. వెనక పేజీ. లామినేషన్ చేయించే ముందు ఆ పిల్ల పిన్ను తీసి దాన్ని విడిగా దాచింది. జర్మనీ ఆఫీసు రాసిన ఉత్తరం.

ఒకటిన్నర పేజీ. ఇంత సూటి ఉత్తరం నేను పాఠంగా కూడా ఎప్పుడూ చెప్పలేదు. మీ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఒక్కటి తక్కువైంది. ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివారో, ఏ వార్డులో ఎన్ని గంటలు పనిచేశారో మీ కాలేజీ సంతకం చేసిన పట్టిక కావాలి. స్కాన్ చేసి మెయిల్ పంపినా చాలు. ఈ నెలాఖరులోగా రాకపోతే ఫైలు మూసేస్తాం. కింద ఆఫీసులో ఆ ఫైలు చూసే మనిషి పేరు, ఏ వేళల్లో ఫోన్ ఎత్తుతుందో ఆ వేళలు.

నెలాఖరు ఇంకో ఆరు రోజుల్లో. అసలు ముఖ్యమంత్రి వచ్చేది ఆ తర్వాత రెండు వారాలకు.

"కాలేజీకి పోలేదా?" అన్నాను.

"నాలుగు తూర్లు పోయినా మేడం. ప్రిన్సిపాల్ మేడం బిజీ అంటారు. ఇప్పుడైతే జర్మనీ సీయం వస్తారని తోరణాలు కట్టిస్తా ఉండారు, లోపలికే రానీలేదు." కాస్త ఆగి అంది. "నిన్ననే మీకు సెప్పబోయినా. మీరు సెయ్యి ఊపతా ఉండారు."

గట్టిగా కూడా అనలేదు. నేను తల వంచుకున్నాను. ఆ పిల్ల కళ్ళలోకి చూసే ధైర్యం లేకపోయింది.

చెంగల్రాయులుకు నిజం చెప్పాను. ఆ సంతకం నాదని, చెల్లదని చెప్పాను. ఆవిడే వచ్చి పెట్టినా చెల్లదని, ముఖ్యమంత్రి చెప్పిందని అక్కడి గుమాస్తా ఫైలు కదిలించడని కూడా చెప్పాను. ఆయన నా మొహం, కూతురి మొహం మార్చి మార్చి చూశాడు.

"ఒగ గుమాస్తాకి సెప్పలేని మనిషి ముఖ్యమంత్రి ఎట్లయితాది తల్లీ?" అన్నాడు.

ఈ ప్రశ్నకు నా పాఠాల్లో మూడు పేజీల జవాబు ఉంది. ఒక్క వాక్యం కూడా ఆయనకు పనికొచ్చేది కాదు.

ఆ రోజు కార్యక్రమంలో పదకొండు గంటలకు నర్సింగ్ కాలేజీ ఉంది. ఆ కాలేజీయే. నీరజను కార్లో నా పక్కన ఎక్కించుకున్నాను. మునిరత్నం పరిగెత్తుకొచ్చాడు. "ప్రోగ్రాంలో లేదు మేడం."

"రిహార్సల్ సగం సగం చేస్తే అచ్చిరాదని మీ నాయకుడే చెప్పాడు" అన్నాను. ఆయన మూతి ముడుచుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

దారి పొడుగునా మామిడికాయల ట్రాక్టర్లు. గుజ్జు తీసే ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయలతో క్యూ కట్టి ఉన్నాయి. మాకోసం వాటిని పక్కకు తోయించి, అడ్డరోడ్డు దగ్గర తాడు కట్టి ఆపేశారు. సైరన్ కొట్టుకుంటూ పోయాం.

కాలేజీ గేటులో ప్రిన్సిపాల్ బొకేతో నిలబడి ఉంది. నీరజను చూసి నవ్వు కొంచెం తగ్గింది. నేను కారు దిగి, బొకే తీసుకుని, గొంతు సవరించుకుని జర్మన్‌లో రెండు వాక్యాలు మాట్లాడాను. తర్వాత ఒక అడుగు పక్కకు జరిగి, దుబాసీగా తెలుగులో చెప్పాను. "ఈ విద్యార్థిని గంటల పట్టిక చూడాలని ముఖ్యమంత్రిగారు అంటున్నారు."

"తప్పకుండా. రేపు పంపిస్తాము" అంది ప్రిన్సిపాల్.

మళ్ళీ మొదటి చోటికి వచ్చి జర్మన్‌లో ఒక ముక్క. మళ్ళీ పక్కకు. "ముఖ్యమంత్రిగారు ఇక్కడే కూర్చుంటారట. పట్టిక వచ్చేదాకా."

మునిరత్నం నా చెవిలో "మేడం, ఇది రిహార్సలే గదా" అన్నాడు. "అవును. నిజంగా ఆవిడ ఇలా అడిగితే కాలేజీ ఏం చేస్తుందో చూసుకోవద్దా?" అన్నాను. ఆయనకు ఆ మాటలో తప్పు దొరకలేదు. వెంటనే ప్రిన్సిపాల్ వైపు తిరిగి, కలెక్టరాఫీసు గొంతుతో "బిన్నా కానీండి మేడం, టైము పోతా ఉండాది" అని కసిరాడు.

వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రిజిస్టర్లు కదిలాయి. మూడు నెలలుగా దొరకని తాళంచెవి దొరికింది, సెలవులో ఉన్నాడన్న గుమాస్తా లోపలి గదిలోనే దొరికాడు. నలభై నిమిషాల్లో ముద్ర, సంతకంతో పట్టిక నా చేతిలో ఉంది. ఆఫీసు స్కానర్ మీదే స్కాన్ చేసి, నీరజ రాసిన జర్మన్ మెయిల్లో ఒక్క తప్పు దిద్ది, అక్కడి నుంచే పంపించాం.  

గర్వంగా వచ్చి కారెక్కాను. మస్తాన్ వెంటనే బండి తీయలేదు.

"మేడం, ఆడ అడ్డరోడ్డు కాడ తాడు ఇప్పలేదంట. మనం పోయేదాకా ఇప్పొద్దని ఆర్డరు. ట్రాక్టర్లన్నీ ఈ నలభై నిమిషాలూ ఎండలోనే నిలిచిపోయినాయి."

తిరుగుదారిలో చూశాను. ఒక రైతు కాయల మీద తడిగోనె కప్పుతున్నాడు. ఇంకొకతను ట్రాక్టరు నీడలో కూర్చుని నా కారువైపు చూసి ఏదో అన్నాడు. అద్దం ఎత్తి ఉంది, వినబడలేదు. వినాల్సినదే అయి ఉంటుంది. ఈసారి చెయ్యి ఊపలేదు.

రైల్లో

తిరుపతిలో రైలెక్కి ఒంగోలు దాటుతుంటే మునిరత్నం ఫోన్ చేశాడు. ప్రయాణం రద్దయిందట. అక్కడ ఆవిడ ప్రభుత్వానికి మద్దతిచ్చే పార్టీ విడిపోయింది, ఆవిడ తప్పుకుంది, శాసనసభ ఇంకెవరినో ఎన్నుకోబోతోంది. నేను దండ మోసిన పదవి నేను రైల్లో ఉండగానే ఊడిపోయిందన్నమాట.

"కొత్తగా వచ్చేటాయన పేరు తెలిస్తే సెప్పండి మేడం" అన్నాడు మునిరత్నం. "ఫ్లెక్సీలు ఏసేసినాం. తల వరకూ మారిస్తే సాలు."

రెండు వారాలకు నీరజ మెసేజ్ పంపింది. ఆ ఆఫీసు మనిషి జవాబిచ్చింది, మూడే వాక్యాలు. పట్టిక గడువులోగా అందింది, చదువు సరిపోయింది, గుర్తింపు పత్రం పంపుతున్నాం. చదివి వంటింట్లో నిలబడి ఏడ్చాను. నవ్వకండి.

ఆ సాయంత్రమే చెంగల్రాయులు ఫోన్. "తల్లీ, మీ సంతకం పన్జేసింది!"

కాదన్నాను. పట్టిక పనిచేసింది, నీ కూతురి చదువు పనిచేసింది, అడ్డుపడింది మన కాలేజీయే, ఆ దేశం కాదు అన్నాను. ఒకటికి రెండుసార్లు విడమరిచి చెప్పాను.

"మీరట్లనే అంటారులే. పెద్దోళ్ళు సెప్పుకోరు" అన్నాడు. లామినేషన్ చేసిన అర్జీని నడవలో గోడకు తగిలించాడట. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి పోతున్నారట.

ఆ జిల్లాలను చూసి మూడు రోజులు నాకు వచ్చిన నవ్వంతా ఆ ఫోన్‌తో ఎండిపోయింది. దండల కొలతలు మునిరత్నానివి, అర్జీ శాస్త్రం నాయకుడిది. కానీ ఒక్క గీతతో ఫైలు కదులుతుందని సత్యవేడులో రుజువు చేసింది నేను. చదువు చెప్పుకుని బతికిన మనిషిని. సిగ్గుగా ఉంది.

పోయిన వారం కొరియర్‌లో ఒక లావుపాటి కవరు వచ్చింది. పంపింది చెంగల్రాయులు. లోపల పదకొండు అర్జీలు. పింఛనుకు ఒకటి, పొలం హద్దుకు ఒకటి, కరెంటు స్తంభానికి ఒకటి. జర్మనీతో సంబంధమున్నది ఒక్కటీ లేదు. ప్రతిదానికీ పైన ఎడమపక్క ఖాళీ. నా నాలుగు వేళ్ళు ఆనించి చూశాను, సరిగ్గా సరిపోయాయి.

ఈసారి బుద్ధి వచ్చిందిగా, ముందు వెనక పేజీ చూద్దామని ఒక్కొక్కటీ తిప్పాను. పదకొండింటికీ వెనక పేజీ లేదు.